మూడు కుండల నీళ్ళు

సీసాను తడిగుడ్డలో చుట్టి, ఆ గుడ్డను సంచిలో పెట్టి, సంచిని పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒడిలో పట్టుకొని కుప్పంలో బస్సెక్కింది మునిలక్ష్మి. పుంగనూరులో బస్సు చాలాసేపు ఆగింది. అది ఆమె పుట్టిన ఊరు. బస్టాండు వెనక వీధిలోనే అమ్మ ఇల్లు. అయినా దిగలేదు. దిగితే సంచి ఒరుగుతుందేమో, బిరడా ఊడుతుందేమో, తాను తిరిగొచ్చేలోగా బస్సు కదిలిపోతుందేమో, కదిలిన బస్సులో ఎవరో ఆ సీసాను సోడా అనుకొని ఎత్తి తాగేస్తారేమో. ఇన్ని ఏమోలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడేసరికి ఆమె సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

పక్కన కూర్చున్న టమేటాల ఆసామి చాలాసేపటి నించి సంచినే చూస్తున్నాడు.

"ఏందమ్మా అది, సారాయా?"

"నీల్లు నాయనా."

"నీల్లా! యాల, మదనపల్లెలో నీల్లు దొరకవని ఎవురన్నా చెప్పిరా?" అని ఆయన పగలబడి నవ్వితే, వెనక సీటు వాళ్ళు కూడా నవ్వినారు. మునిలక్ష్మి నవ్వలేదు. ఈ నీళ్ళతో ఆమె మదనపల్లెకు పోవడం ఇది మూడోసారి.

మొదటిసారి నీళ్ళ పరీక్షల ఆఫీసులో గుమాస్తా సీసా మూత తీసి వాసన చూసి, "ఇది కిరసనాయిలు సీసా గదమ్మా" అని వెనక్కి నెట్టినాడు. రెండోసారి కొత్త సీసా కొని, బావిలో చేద వేసి తోడిన నీళ్ళు తోడినట్టే పట్టుకుపోయింది. అప్పుడు ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి, అడుగున తిరుగుతున్న ఎర్ర నలకను చూసి విసుక్కున్నాడు. "ఇట్లాంటి చెత్త నీళ్ళు తెస్తే మా మిషన్లు ఏం గావాల? శుభ్రమైన సీసాలో శుభ్రమైన నీళ్ళు తెచ్చుకోమ్మా. చదువుకున్న దానిలా ఉన్నావు, ఆ మాత్రం తెలీదా?"

ఎనిమిదో తరగతి దాకా చదివిన మునిలక్ష్మికి ఆ మాట ముల్లులా దిగబడింది. అందుకే ఈసారి సీసాను ఉడుకునీళ్ళలో కాచింది. బావి నీళ్ళను నేరుగా పట్టకుండా, తన ఇంట్లో మూడు కుండల మంచెలో అట్టడుగు కుండలోకి బొట్టుబొట్టుగా దిగిన నీళ్ళను పట్టింది. అంతకంటే శుభ్రమైన నీళ్ళు ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనూ లేవు.

ఈసారీ గుమాస్తా సీసాను వెలుతురుకు ఎత్తినాడు.

"ఆ, ఇట్లుండాల నీళ్ళంటే!" అన్నాడాయన.

పరీక్షలో మార్కులు వచ్చిన పిల్లలా ఒక్క నిమిషం ఆమె ముఖం విప్పారింది. మరుక్షణం, ఇంత తేటగా ఉంటే ఇందులో ఏమీ లేదని పారబోస్తారేమోనని భయం పట్టుకుంది.

లోపలి నించి సిరాజుద్దీన్ అనే ఆఫీసరు వచ్చినాడు. ఎండలో తిరిగి తిరిగి కమిలిన ముఖం, చొక్కా జేబు మీద ఇంకు మరక. సీసా మీద కాగితం అంటిస్తూ అడిగినాడు. "ఏ ఊరి నీళ్ళు?"

"గుడుపల్లె దగ్గర రాళ్ళకొట్టాలు సార్."

"బావి నీళ్ళేనా?"

"బావి నీల్లే సార్."

"ఏమిటి మీ కంప్లయింటు?"

ఎన్ని రోజులుగానో ఎవరూ అడగని ప్రశ్న అది. మునిలక్ష్మి గొంతులో మాటలన్నీ ఒకేసారి తోసుకొని వచ్చినాయి. "మా పాప సార్. ఏడేండ్లది. అన్నం తింటే కడుపునొప్పి. నెలకోసారి వాంతులు. ఎద మీద, వీపు మీద వాన చినుకులు పడినట్ల నల్ల మచ్చలు. అరచేతులు చూస్తే కూలికి పొయ్యే దాని చేతుల మాదిరి గరుకెక్కినాయి. కుప్పం డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చి, ఈ తల్లికి భయం జాస్తి అనె. మా ఊరి పైన దొరల కాలం నాటి బంగారు గని ఉండాది సార్. మూసేసినారు. వానొస్తే దాని గుంతలోంచి ఎర్రనీల్లు మా బావి తట్టుకే దిగతాయి."

గని అనేసరికి సిరాజుద్దీన్ చెయ్యి ఆగింది.

"బంగారం తీసే రాయిలో ఒక్కోసారి పాషాణం కూడా ఉంటుంది," అన్నాడు మెల్లగా.

"పాషాణమంటే... ఎలకల మందా సార్?"

"ఉందని చెప్పలేదమ్మా. ఉండొచ్చన్నాను."

ఆమెకు ఆ రెండిటికీ తేడా లేదు. తిరుగుబస్సులో పుంగనూరు వచ్చిందీ, దాటిందీ ఆమెకు తెలియలేదు.

రాళ్ళకొట్టాలు చేరేసరికి పొద్దు వాలుతోంది. బావికాడ ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. పక్కింటి బుజ్జమ్మ చేద లాగుతూనే పలకరించింది. ఆమె నోరూ బావి గిలకా ఒకటే, తిరిగితే చప్పుడే.

"వచ్చినావా మ్మే! మన బావిని జైలుకు పంపించి వచ్చినావా, లేక బెయిలు ఇచ్చినారా?"

"నవ్వు వదినా నవ్వు. పాషాణం ఉంటాదంట ఇందులో."

"మేమంతా తాగతాలేదా? మా అత్తకు ఎనబై దాటె. పొద్దస్తమానం నన్ను తిట్టను ఆయమ్మకు యాడినించి వచ్చె బలం? ఈ నీల్లు తాగే గదా!"

అందరూ గొల్లుమన్నారు. మునిలక్ష్మి ఇంట్లోకి వచ్చేసింది. ఊరు ఊరంతా తాగుతోంది, నిజమే. అత్త చెంగమ్మ కూడా ఆ నీళ్ళే తాగుతుంది. భర్త రెడ్డెప్ప మల్బరీ తోటలో ఆ నీళ్ళే తాగుతాడు. పాప లేత ఒళ్ళు కాబట్టి దానికే ముందు పట్టిందని, పాప తర్వాత ఒక్కొక్కరికీ పడుతుందని ఆమె నమ్మకం. పుంగనూరులో అమ్మమ్మ దగ్గర ఎండాకాలం సెలవులు గడిపినప్పుడు పాప చెంగుచెంగున ఎగిరింది, మచ్చలు కూడా పలచబడినాయి. ఊరికి రాగానే మళ్ళీ మొదలు. బావి కాకపోతే ఇంకేం?

పాప అమరావతి గడపలో కూర్చొని పలక మీద ఆవును గీస్తూ ఉంది. తల్లిని చూసి, "అమ్మా, నేను బడిలో ఎవురి నీల్లూ తాగలే," అని ముందుగానే చెప్పేసింది. రోజూ చెప్పే మాట అది. బడికి పోయేటప్పుడు దాని మెడలో తల్లి తగిలించే సీసా ఖాళీగా ఉంది.

"మంచి తల్లివి," అని మునిలక్ష్మి దాని నుదురు తాకి చూసింది. వేడి లేదు. ఇంకోసారి తాకింది.

వంటింటి మూల రెడ్డెప్ప కొట్టిచ్చిన చెక్క మంచె మీద మూడు కుండలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పై కుండలో బావి నీళ్ళు. దాని అడుగున సన్నటి బెజ్జం, బెజ్జంలో నూలువత్తి. నడిమి కుండలో బొగ్గు, బొగ్గు మీద ఇసుక. కింది కుండలో వడగట్టిన నీళ్ళు. బడిలో చదువుకునేటప్పుడు సైన్సు పుస్తకంలో ఉన్న బొమ్మ. చుట్టుపక్కల పల్లెల్లో కామెర్లు వచ్చిన ఏడాది ఆ బొమ్మ గుర్తు తెచ్చుకొని పెట్టింది. నీళ్ళు దిగేది బొట్టుబొట్టుగానే కాబట్టి అవి పాపకే సరి. చెంగమ్మ అయితే ఒకసారి నోట్లో పోసుకొని ఉమ్మేసింది. "రుచీ పచీ లేని నీల్లు. బట్టలు పిండినట్ల పిండి పెడ్తాండావు, నీల్లలో ప్రాణమేముంటాది?"

మరుసటి రోజు శుక్రవారం. శుక్రవారం శుక్రవారం మునిలక్ష్మి నడిమి కుండలో ఇసుక మారుస్తుంది. పాత ఇసుకను పెరట్లో కుమ్మరించి, తట్టా జల్లెడా తీసుకొని గని దిబ్బకు పోయింది. దొరల కాలంలో రాళ్ళను మిషన్లలో పిండి చేసి, బంగారం తీసుకొని, మిగిలిన పొడిని పోసిన దిబ్బ అది. ఊళ్ళో ఇంటి గోడలన్నీ దాంతో కట్టినవే. చక్కెరలా తెల్లగా ఉంటుంది. ముల్లు ఉండదు, మన్నుగడ్డ ఉండదు. వంకలో ఇసుక తెచ్చుకోవచ్చు గానీ, తెల్లారితే జనం చెంబులు పట్టుకొని పోయేది ఆ వంకకే. ఆ ఇసుకను ఆమె ముట్టదు.

గని గుంతలోని ఎర్రనీళ్ళను చూసినప్పుడల్లా ఆమె చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. ఆ రోజూ పెట్టుకుంది. గుంతను చుట్టి, దూరంగా నడిచి, దిబ్బకు ఎండ బాగా తగిలే తట్టున కూర్చొని పైపొరను చేత్తో పక్కకు తోసి, లోపలి మెత్తటి పొడిని జల్లెడ పట్టింది. జల్లెడ పట్టిన దాన్ని ఇంటికి తెచ్చి రెండుసార్లు కడిగింది. పాపకు రాత్రి మళ్ళీ కడుపునొప్పి వచ్చింది కాబట్టి ఈసారి బెత్తెడు మందం ఎక్కువే పోసింది.

ఆ తర్వాత వారం నడుమ జీపు వచ్చింది. సిరాజుద్దీన్ దిగినాడు. వెంట ఒక ప్యూను, చేతిలో ఎర్ర రంగు డబ్బా. బావి గట్టు మీద పెద్ద అక్షరాలతో తాగరాదని రాయించి, చేద తాడు విప్పించినాడు. సర్పంచు నరసింహులు పంచె సర్దుకుంటూ పరుగున వచ్చినాడు.

"ఏం సార్, చెప్పాపెట్టకుండా?"

"సీసాలో పాషాణం ఉంది. ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. నేను మళ్ళీ నా చేత్తో నీళ్ళు పడతాను. ఫలితం వచ్చేదాకా ఈ బావి ముట్టకండి."

బుజ్జమ్మ కడవ చంకలో ఉండగానే గట్టు మీద చతికిలబడింది. మునిలక్ష్మి భయమే నిజమయింది. ఇన్నాళ్ళూ తనను పిచ్చిదన్నట్టు చూసిన వాళ్ళందరి ముందూ నిజమయింది. గెలిచినట్టు ఉండాల్సింది. కానీ ఆమె తలపంతా పాప మీదే. పాప ఒంట్లో ఎంత చేరిందో!

సిరాజుద్దీన్ తను తెచ్చుకున్న సీసాల్లో బావి నీళ్ళు పట్టినాడు, గని గుంతలో పట్టినాడు, ఊరికి దూరంగా సర్పంచు తోటలో ఉన్న బోరులోనూ పట్టినాడు. జీపు ఎక్కుతుంటే మునిలక్ష్మి అడ్డం పోయి, "సార్, మా ఇంటికొచ్చి పాపను ఒక్కసారి చూడండి సార్," అంది.

"నేను డాక్టరును కాదమ్మా. ముందు ఈ నీళ్ళ సంగతి తేలనీ."

ఆ రోజు నించి ఊరంతా బోరుకు నడక మొదలుపెట్టింది. ఎండలో కడవలు మోసుకొని వచ్చే ఆడవాళ్ళు మునిలక్ష్మి గడప ముందు ఆగి, భుజం మార్చుకొని, లోపలికి వినపడేట్టు ఒక మాట అని పోయేవాళ్ళు. "మారాణి మహత్యం!" "ఆయమ్మ సల్లగా ఉండాల, మన మెడలు విరిగినా!" నరసింహులు తోటకాడ పైరుకు నీళ్ళు తగ్గినాయని కేకలు వేసి, మోటారు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడే వేసేవాడు. పట్టుపురుగులు సాకేవాళ్ళు తట్టలు కడగను నీళ్ళు లేక రెడ్డెప్పను నిలదీసినారు.

"నీ మాట ఇని ఊరి నోట్లో మన్ను పోసినట్టయింది గదే," అన్నాడు రెడ్డెప్ప, చద్ది ముందు కూర్చొని తినకుండా. అతను అరవడు. అరవకపోవడమే ఆమెకు ఎక్కువ నొప్పి.

"పాషాణమని ఆఫీసరే చెప్పె గదా!"

"సరే. బావి మానుకొంటిమి గదా. మరి పాపకు యాల తగ్గలే?"

బోరు నీళ్ళు మునిలక్ష్మి తానే రెండు కడవలు మోసుకొచ్చి, గుడ్డలో వడగట్టి, పై కుండలో పోసి, కొత్త ఇసుకలోంచి దించి, ఆ నీళ్ళే పాపకు పోసింది. అయినా ముందు రోజు బడిలో వాంతి చేసుకుందని టీచరు పంపించేసింది. పాప నీరసంగా పడుకొని, "అమ్మా, నేను మన నీల్లే తాగినా, ఒట్టు," అని పదే పదే చెప్పింది. తిడుతుందని దాని భయం. బోరు కూడా గని ఊటేనేమో! భూమి లోపల అన్నీ కలిసిపోయినాయేమో! ఊరే వదిలి పుంగనూరు పోవాలేమో! ఆమె లేచి పోయి మంచె ముందు నిలబడి, నడిమి కుండలో ఇంకో రెండు దోసిళ్ళ ఇసుక పోసింది.

జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి సిరాజుద్దీన్ ముఖం గంటు పెట్టుకొని ఉన్నాడు. బావికాడ ఊరంతా చేరింది.

"బావి నీళ్ళలో ఏమీ లేదు," అన్నాడు. "కాస్త ఇనుముంది, అందుకే ఎర్ర నలక. దాంతో ఎవరూ చావరు. బోరూ బాగుంది. గని గుంతలో మాత్రం ఉంది, అది ఎవరూ తాగరు. గట్టు మీద రంగు చెరిపేయండి."

బుజ్జమ్మ కడవను ఠంగున గట్టు మీద పెట్టి, చేదకు తాడు కట్టి బావిలోకి వదిలింది. "వారం దినాలు నా నడుం ఇరిగె గదరా దేవుడా! ఎవురికి చెప్పుకోవాల?" దాంతో అందరూ ఒకేసారి మొదలుపెట్టినారు. నరసింహులు చెయ్యెత్తి ఊరుకోబెట్టి, "సార్, మా ఊరి పేరు చెడగొట్టను ఈ సీసా కథంతా జరిగినట్టుండాది. మీ పైవాళ్ళకు అర్జీ ఇస్తాం," అన్నాడు.

సిరాజుద్దీన్ మునిలక్ష్మి వైపు తిరిగినాడు. అలిసిపోయిన కోపం అది. "అమ్మా, నిజం చెప్పండి. ఆ సీసాలో ఏం కలిపినారు?"

"నేనా? సార్, నా బిడ్డ మీద ఒట్టు!"

"బావిలో లేనిది సీసాలోకి ఎలా వచ్చింది? మా ఆఫీసులో నన్ను అడుగుతున్నారు. నేనేం చెప్పాలి?"

"నేను కలపడమేంది సార్!" ఇన్ని రోజుల అవమానం ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "మీ గుమాస్తా శుభ్రమైన నీల్లు తెమ్మనె. సీసా ఉడకబెట్టినా. బావి నీల్లు మూడు కుండల్లో వడగట్టి, వడగట్టి మరీ తెచ్చినా! మా పాపకు పోసే నీల్లే తెచ్చినా! కలిపినానంటారా?"

సిరాజుద్దీన్ ఒకడుగు ముందుకు వేసినాడు. "వడగట్టినారా? దేంతో?"

"రండి సార్. మీ కండ్లతో మీరే చూడండి!" అని ఆమె ఆయన చెయ్యి పట్టి లాక్కుపోయినంత విసురుగా ముందు నడిచింది. వెనక ఊరు కదిలింది. వంటింట్లో మంచె ముందు నిలబడి వేలు చూపింది. "ఇది బావి నీల్లు పోసేది. ఇది బొగ్గు. దాని మీద ఇసక. వారం వారం మారుస్తా. వంక ఇసక కాదు సార్, అది మురికి. తెల్లటిది, కొత్తది, నేనే జల్లెడ..."

చెప్తూ చెప్తూ నడిమి కుండలోంచి పిడికెడు తీసి ఆయన ముందు చాపింది. తడి ఇసుక ఆమె వేళ్ళ సందుల్లోంచి జారింది. సిరాజుద్దీన్ దాన్ని చూడలేదు. కిటికీలోంచి, మిద్దెల పైన తెల్లగా మెరుస్తున్న గని దిబ్బను చూస్తున్నాడు. ఆయన చూపు వెంబడి మునిలక్ష్మి కూడా చూసింది.

ఆమె చెయ్యి చాపింది చాపినట్టే ఉంది. పుంగనూరులో పాప ఎగరడం, బోరు నీళ్ళు పోసినా తగ్గకపోవడం, అత్తకూ, భర్తకూ, బుజ్జమ్మ ముసలత్తకూ ఏమీ కాకపోవడం, ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళ ముందు వచ్చి నిలబడినాయి. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఇసుక ఎక్కువ పోసింది.

"ఊళ్ళో ఇంకెవరైనా ఈ ఇసుకతో నీళ్ళు వడగడుతున్నారా అమ్మా?" సిరాజుద్దీన్ గొంతు తగ్గింది.

మునిలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"లేదు సార్. ఈ ఊర్లో నాకొక్కదానికే భయం."

గుమ్మంలో నిలబడ్డ ఎవరూ నవ్వలేదు. చెంగమ్మ గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. రెడ్డెప్ప జనాన్ని తోసుకొని లోపలికి వచ్చి నడిమి కుండను చేతుల్లోకి ఎత్తుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"పెరట్లో పోయొద్దు," అన్నాడు సిరాజుద్దీన్. "మూత పెట్టి జీపులో పెట్టండి. పాపను పెద్దాసుపత్రికి తీసుకుపోదాం, నేను రాసిస్తాను. ఆపితే తగ్గొచ్చమ్మా."

తగ్గొచ్చు. ఆ మాటను పట్టుకొని వేలాడడం తప్ప ఆమెకు ఇప్పుడు ఇంకేమీ లేదు. ఆమె చెయ్యి కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. గోళ్ళ సందుల్లో తెల్ల పొడి ఇంకా ఉన్నట్టే ఉంది.

"అమ్మా, దప్పిక," అంది అమరావతి, ఇంతమంది తమ ఇంట్లో ఎందుకున్నారో తెలియక, పలక చేత్తో పట్టుకొని.

మునిలక్ష్మి అలవాటుగా కింది కుండ వైపు చెయ్యి చాపి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుంది. పై కుండలో నీళ్ళు ఆ చేత్తోనే పోసినవి. చెంబూ, గ్లాసూ, బిందే, అన్నీ ఆ చేత్తోనే తోమినవి. పాపను చంకన వేసుకొని గడప దాటింది. ఏడేండ్ల పిల్ల, కాళ్ళు తల్లి మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. జనం పక్కకు తప్పుకున్నారు. నేరుగా బుజ్జమ్మ ఇంటి ముందుకు పోయి నిలబడింది.

"వదినా. పాపకు ఒక చెంబు నీల్లు పొయ్యి."

బావికాడ నింపిన కడవతో వెనకాలే వచ్చిన బుజ్జమ్మ ఆమెను తేరిపార చూసింది. నోటి చివర దాకా ఏదో వచ్చింది, అలవాటు కొద్దీ. "మా ఇంట్లో ఉండేవి..." అని మొదలుపెట్టి, మింగేసింది. "ఉండేవి ఉండేట్టే మ్మే. గుడ్డ గూడా ఎయ్యలే."

"ఉండేవి ఉండేట్టే పొయ్యి."

బుజ్జమ్మ చెంబు కడిగి, కడవ వంచి, నిండా పోసి తెచ్చింది. నీళ్ళ మీద ఒక చిన్న ఎర్ర నలక తేలుతోంది. ఆమె దాన్ని చిటికెన వేలితో తీసేయబోయి, మునిలక్ష్మి ముఖం చూసి ఆగిపోయి, చెంబు పాప చేతికిచ్చింది.

అమరావతి తాగలేదు. చెంబు రెండు చేతుల్తో పట్టుకొని తల్లి వైపు అనుమానంగా చూసింది.

"అమ్మా, ఇవి మన నీల్లు కాదు గదా? తాగొచ్చునా?"

"తాగు తల్లీ."

పాప చెంబు ఎత్తింది. గుటక పడుతున్న ఆ చిన్న గొంతునే చూస్తూ, చెంబు లాక్కోవడానికి లేస్తున్న తన కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా అదిమి పట్టుకొని, చెంబు ఖాళీ అయ్యేదాకా మునిలక్ష్మి అలాగే నిలబడింది.